అక్షరాభ్యాసము – మఱునాటి ఆరాధనము

పళ్ళెములో బియ్యము సమముగా పఱచి, బిడ్డ చూపుడువ్రేలిని పట్టి, పసుపుకొమ్ముతోనో బంగారుటుంగరముతోనో తొలి అక్షరములను వ్రాయించుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. విజయదశమినాడును, మాఘశుద్ధ పంచమియగు శ్రీపంచమినాడును ఈ వేడుక ఎన్నో యిండ్ల జరుగును. గోదావరీతీరమందలి బాసర సరస్వతీ సన్నిధికి బిడ్డలను చంకనెత్తుకొని పోవు తల్లిదండ్రులు ఎందఱో. వైష్ణవ గృహములలో హయగ్రీవస్వామిని అర్చించి, పలకకు పసుపు కుంకుమలు పెట్టి, నారాయణ నామముతో బిడ్డచేత చేవ్రాలు మొదలుపెట్టింతురు. తోటిబిడ్డలకు పలకలు, బలపములు పంచుదురు. వచ్చినవారు అక్షతలు చల్లి దీవింతురు.

అంతవఱకు బాగుగనే యున్నది. మఱునాటి మాట యేమి?

మఱునాడు పళ్ళెములోని బియ్యము తీసివేయుదురు. పసుపు పూసిన పలకను గూటిలో పెట్టుదురు. బిడ్డను బడికి పంపి, ఇక ఆ భారము బడిదే యని నిశ్చింతగా నుందురు. నాలుగు నెలలు గడచిన పిమ్మట బిడ్డకు ఖకారము గుర్తురాలేదని తెలిసినపుడు ఇంటిలో కోపము పుట్టును. ఆ కోపము దెబ్బగా మాఱును. నాడు అక్షతలు చల్లిన చేయియే నేడు చెంపను తాకును. ఇది శాస్త్రమునకు సమ్మతమా? భగవంతునకు ప్రీతియా? ఇది భక్తులగు గృహస్థులు ఆలోచింపవలసిన విషయము.

ఈ సంస్కారమునకు విద్యారంభమను పేరును కలదు. కాని తెలుగువారి నోట నిలిచిన పేరు అక్షరాభ్యాసము. అభ్యాసమనగా మరల మరల చేయుట. ఒక్కనాడు చేసి విడిచినది ఆరంభము కావచ్చును గాని అభ్యాసము కానేరదు. నిత్యారాధనమును ఒక్కనాడు చేసి, స్వామిని పెట్టెలో పెట్టి మూతవేయువాడు ఆరాధకుడనిపించుకొనడు గదా! అట్లే అక్షరము విషయమునను. తొలినాటి పూజ పురోహితుడు చేయించును. మఱునాటి పూజ తల్లిదండ్రులు చేయవలెను. ఆ మఱునాటి పూజయే కష్టమైనది, ఫలమిచ్చునదియు అదియే.

అకారమున నిండిన స్వామి

అక్షరమనగా క్షరము కానిది, నశింపనిది. గీతాశాస్త్రమున ఎనిమిదవ అధ్యాయమునకు అక్షరపరబ్రహ్మయోగమని పేరు. పదవ అధ్యాయమున భగవానుడు తన విభూతులను చెప్పుచు, అక్షరములలో తాను అకారమునని అర్జునునకు తెలిపెను. ఇన్ని అక్షరములుండగా అకారమునే యేల చెప్పెనో తెలుగు పలకను చూచినచో పసిబిడ్డకును బోధపడును.

తెలుగు వర్ణమాలలో 16 అచ్చులు, 37 హల్లులు, 3 ఉభయాక్షరములు చేరి 56 అక్షరములని సంప్రదాయ గణన. అచ్చులకు ప్రాణములనియు, హల్లులకు ప్రాణులనియు మన వైయాకరణులు పేర్లు పెట్టిరి. ప్రాణము లేక ప్రాణి నిలువదు. అచ్చు చేరనిదే హల్లు పలుకదు. క అని వ్రాసినపుడు దానిలో అకారము కనబడకుండ నిలిచియున్నది. ఆ అకారమును తీసివేసినచో మిగులునది క్ అను పొల్లు. పొల్లు అనగా గింజ లేని పొట్టు. లోపల గింజయున్నంతవఱకు ధాన్యము. గింజ పోయినచో గాలికెగురు పొల్లు. మన పెద్దలు ఆ గుర్తునకు ఈ పేరును ఊరక పెట్టిరా? చేతనాచేతనములన్నియు శరీరములనియు, వానిలో అంతర్యామిగా నిలిచిన శరీరి శ్రీమన్నారాయణుడనియు భగవద్రామానుజులు స్థాపించిన సిద్ధాంతమునకు తెలుగు గుణింతము చక్కని దృష్టాంతము. తొలి అక్షరములను గింజ నిండిన బియ్యములోనే వ్రాయించుటయు తగియే యున్నది.

ఇంకొక విశేషము. క మొదలు మ వఱకు ఐదు వర్గములు, వర్గమునకు ఐదేసి అక్షరములు. లెక్కించినచో మకారము ఇరువదియైదవది. తత్త్వముల గణనలో ప్రకృతి మొదలగు ఇరువదినాలుగింటి తరువాత ఇరువదియైదవది జీవుడు. కావుననే ప్రణవములోని అకారము పరమాత్మను, మకారము జీవుని చెప్పునని మన ఆచార్యులు వివరించిరి. బిడ్డ పలకపై అకారముతో మొదలిడి మకారము వఱకు దిద్దుట వట్టి చేతిపని కాదు. తాను ఎవ్వరివాడో తెలిసికొను దారిలో అది తొలి అడుగు. బిడ్డకు ఇదంతయు ఇప్పుడు తెలియనక్కఱ లేదు. దిద్దించువారికి తెలిసినచో వారి చేతిలో ఓర్పు పుట్టును.

స్వామి కడిగిన పలక

అక్షరమునకు అధిష్ఠాత సరస్వతీదేవి. ఆమెకును విద్య నొసగినవాడు హయగ్రీవుడని వైష్ణవ సంప్రదాయము. మధుకైటభులు వేదములను అపహరింపగా బ్రహ్మ దిక్కుతోచక నిలిచెను. అపుడు భగవానుడు అశ్వముఖముతో అవతరించి వేదములను తెచ్చి మరల బ్రహ్మకొసగెను. శ్రావణపూర్ణిమ ఆయన జయంతి. తిరువహీంద్రపురమున హయగ్రీవుని ఉపాసించి వేదాంతదేశికులు మహావిద్వాంసులైరి. విద్య పోగొట్టుకొన్నవానిని స్వామి నిందింపలేదు. వెదకి తెచ్చి యిచ్చెను. నిన్న నేర్చినది నేడు మఱచిన బిడ్డ యెదుట తల్లిదండ్రులు నిలువవలసిన తీరు ఇదియే.

ఆ స్వామియే కృష్ణుడై అవతరించినపుడు తానును గురుకులమున వసించెను. అవంతీపురమున సాందీపని మహర్షి సన్నిధిని బలరామునితోడను, సుదామునితోడను విద్యాభ్యాసము చేసెను. అఱువదినాలుగు దినములలో అఱువదినాలుగు కళలు నేర్చినట్లు పురాణప్రసిద్ధి. నేటి ఉజ్జయినిలో సాందీపని ఆశ్రమమను క్షేత్రమును యాత్రికులు దర్శింతురు. దాని చెంతనున్న ప్రదేశమునకు అంకపాతమని పేరు. బాలకృష్ణుడు అంకెలు వ్రాసికొన్న పలకను కడిగిన చోటు అదియే యని అక్కడివారి విశ్వాసము.

ఈ విశ్వాసమును భక్తులు నిదానముగ భావింపవలెను. ఒక్కసారి వినినంతనే సర్వము గ్రహించిన జగద్గురువునకు పలకతో పనియేమి? పలకయున్నను కడుగుటయేల? లోకమునకు దారి చూపుటకే. వ్రాసినది చెఱిపి మరల వ్రాయుట నామోషీ కాదని ఆయన చూపినాడు. తప్పు వ్రాసిన పలకను తడిగుడ్డతో తుడుచు బిడ్డ స్వామి చేసిన పనినే చేయుచున్నాడు. చెఱపుటకు వీలుగానున్న దాని మీదనే మన పెద్దలు బిడ్డలచేత వ్రాయించిరి. వీధిబడులనాట ఇసుక, తరువాత పలక. తప్పును క్షణములో మాయముచేయు ఉపకరణమును బిడ్డకిచ్చి, ఆ తప్పును మాత్రము మనసులో నాటుకొనునట్లు తిట్టుట ఎట్టి వివేకము?

దీనికి ప్రక్కన ఇంకొక బడిని నిలిపి చూడవలెను. అది హిరణ్యకశిపుని కుమారుడగు ప్రహ్లాదుడు చదివిన బడి. శుక్రాచార్యుని కుమారులగు చండామార్కులు అక్కడి గురువులు. వారికి శాస్త్రమున లోపము లేదు. రాజుభయము వారిని పట్టియుండెను. ఆ భయమును వారు శిష్యునిపై మోపిరి, బెత్తమును చూపి బెదిరించిరి. ఫలమేమి? గురువులు ఇంటిపనిమీద పోయిన సమయమున దైత్యబాలురందఱు ఆటవస్తువులను విడిచి ప్రహ్లాదుని చుట్టును చేరిరి. అతడు వారిని చెలిమితో పిలిచి, నవ్వుచు మాటలాడెను. వారు విని గ్రహించిరి. భయపెట్టినవారి పాఠము పోయినది, దయతో చెప్పినవాని పాఠము నిలిచినది. తల్లిదండ్రులు తమ యిల్లు సాందీపని ఆశ్రమమో, చండామార్కుల బడియో తామే నిర్ణయించుకొనవలెను.

దిద్దించు విధము

ఇక నిత్యమును బిడ్డచేత ఎట్లు దిద్దింపవలెనో కొంత చెప్పవలసియున్నది.

మొదట చెవి, తరువాత కన్ను, ఆ పిమ్మట వ్రేలు, చివరకు బలపము. ఇది క్రమము. బిడ్డకు మూడేండ్లు నిండకమునుపే బలపమిచ్చి వ్రాయుమనుట తగదు. ఆ వయసున వ్రేళ్ళకు పట్టు చాలదు. సంప్రదాయము ఐదవయేటిని విద్యారంభమునకు చెప్పుటలో ఈ యెఱుక యున్నది. అంతవఱకు నామములు, కథలు, పద్యములు చెవినబడనీయవలెను. కేశవ, గోవింద, మాధవ అని పలుకు బిడ్డ నోటికి అక్షరముల ధ్వనులు ముందే అలవాటగును.

పాటగా వర్ణమాలను అప్పగించుట వేఱు, అక్షరమును గుర్తించుట వేఱు. అ మొదలు ఱ వఱకు తడుముకొనకుండ చెప్పు బిడ్డకు నడుమనున్న ఒక్క అక్షరమును చూపినచో తికమకపడుట తఱచుగా జరుగును. వరుసను విడిచి అక్కడక్కడ చూపి అడుగవలెను. పంచాంగముమీద, గోడకున్న పటముక్రింద, ప్రసాదపు సంచిమీద తనకు తెలిసిన అక్షరమును బిడ్డయే వెదకి చూపవలెను. వెదకుట ఆటయగును, ఆటలో నేర్చినది మఱపు రాదు.

తాటాకుపై గంటముతో వ్రాయునపుడు తిన్నని గీతలు ఆకును చీల్చుననియు, కావున మన లిపి గుండ్రదనము పొందినదనియు పెద్దలందురు. గుండ్రని లిపి అందమైనది. పసిచేతికి మాత్రము కొంత కఠినమైనది. ఒకదానినొకటి పోలిన అక్షరములు ఇందు పెక్కు. వకారమునకు ప్రక్కన కొమ్ము చేర్చినచో మకారమగును. వకారమున తలకట్టు ఒడలినంటియుండును, పకారమున విడిగానుండును. దకారమునకు అడుగున గీత చేర్చినచో ధకారము, ఆ ధకారము కడుపులో చుక్క పెట్టినచో థకారము. పెద్దల కంటికి ఇవి వేఱువేఱుగా తోచును. బిడ్డ కంటికి ఒక్కతల్లి బిడ్డలవలె కనబడును. కావున పోలిన అక్షరములను ఒక్కనాడే నేర్పరాదు. ఒకటి చేతికి బాగుగా కుదిరిన పిమ్మట రెండవదానిని తెచ్చి, రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసి, భేదమెక్కడనో బిడ్డచేతనే చెప్పింపవలెను.

పళ్ళెములో సన్నని ఇసుకయో, బియ్యపురవ్వయో పఱచి వ్రేలితో వ్రాయించుట తొలినాటి వేడుకకే పరిమితము కానక్కఱలేదు. నెలల తరబడి చేయవచ్చును. వ్రేలికొనకు తగిలిన రూపము బుద్ధికి చేరును. బిడ్డ చేతిని పెద్దలు పట్టి దిద్దించుట నాలుగు మార్లు చాలును, ఆపై విడువవలెను. వంకరగా వచ్చిన అక్షరము బిడ్డ స్వంతము. పూటకు పావుగంట మించి కూర్చుండబెట్టరాదు. దినమునకు ఒక్క అక్షరమైనను సరియే, విడువకుండుట ముఖ్యము. అచ్చులు, హల్లులు కుదిరిన పిమ్మట తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము మొదలగు గుణింతపు గుర్తులు. ఆ తరువాతనే ఒత్తులు. తన పేరు, అమ్మ, రామ అను మాటలను బిడ్డ ముందుగా వ్రాయగోరినచో అడ్డుపెట్టరాదు. ఇష్టము పుట్టినచోట అక్షరము తానే వచ్చును.

ఎంత ఓర్పుతో నేర్పినను కొందఱు బిడ్డలు వెనుకబడుదురు. అట్టివారిని మందమతులని పిలుచుట పాపము. కంటిచూపు సరిగా నున్నదో లేదో వైద్యునిచే చూపింపవలెను. చెవి సరిగా వినుచున్నదో కనుగొనవలెను. బుద్ధి చుఱుకుగానున్నను అక్షరములను పోల్చుట మాత్రమే కష్టమగు బిడ్డలు కలరని నేటి వైద్యులు, విద్యావేత్తలు చెప్పుచున్నారు. వారికి వేఱు పద్ధతిలో నేర్పువారును ఉన్నారు. వైద్యుని చూపుట విశ్వాసమునకు విరుద్ధము కాదు.

వామహస్తము

కృష్ణాతీరమున ఒక గ్రామములో ఒక వైష్ణవ గృహస్థుడుండెను. తిరువారాధనము చేయనిదే పచ్చిమంచినీరైనను ముట్టని నిష్ఠాపరుడు. ఆయనకు ఐదేండ్ల మనుమరాలు కలదు. విజయదశమినాడు ఆమెకు అక్షరాభ్యాసము వైభవముగా జరిగెను. మఱునాడు తాతగారే పలకనిచ్చి దిద్దుకొమ్మనిరి. ఆ బిడ్డ బలపమును ఎడమచేతితో అందుకొనెను.

తాతగారు బలపమును కుడిచేతికి మార్చిరి. బిడ్డ నాలుగు గీతలు గీచి మరల ఎడమచేతికి మార్చుకొనెను. పది దినములు ఇట్లే జరిగెను. అక్షరము సరస్వతి యనియు, ఎడమచేత వ్రాయుట అపచారమనియు ఆయన నమ్మిక. ఆ నమ్మికలో కపటము లేదు, బిడ్డపై ద్వేషమును లేదు. ముందు బుజ్జగించిరి, తరువాత గద్దించిరి, ఒకనాడు ఆ యెడమచేతిపై కొట్టిరి. గట్టి దెబ్బ కాదు. కాని ఆనాటినుండి ఆ బిడ్డ పలక యెదుట కూర్చుండి చేతులు రెండును ఒడిలో పెట్టుకొనెడిది. ఏ అక్షరమును చూపినను, "నాకు రాదు తాతయ్యా" అనెడిది. అంతకుముందు వచ్చిన అకారమును రాదనియే చెప్పెను. పలక కనబడగానే కడుపునొప్పి యనెడిది.

ఇల్లాలు ఒకనాడు మెల్లగా, "బడిలో పంతులమ్మగారు దీనికి అచ్చులన్నియు వచ్చుననియే చెప్పుచున్నారండీ. అక్కడ ఎడమచేత వ్రాయనిత్తురట" అనెను. ఆయన బదులు చెప్పలేదు.

రాత్రివేళ మనుమరాలికి భాగవతకథలు చెప్పుట ఆయనకు అలవాటు. ఆ రాత్రి ధ్రువోపాఖ్యానము వచ్చినది. సవతితల్లి మాటలకు నొచ్చుకొని, ఐదేండ్ల బాలుడు అడవికి పోయెను. నారదుడు ద్వాదశాక్షరిని ఉపదేశించెను. యమునాతీరమందలి మధువనమున తపము చేయగా స్వామి ప్రత్యక్షమయ్యెను. బాలునకు స్తోత్రము చేయవలెనని తహతహ. మాట మాత్రము రాలేదు. లోపల ఉన్నది, వెలికి రాదు. చేతులు జోడించి నిలిచిన ఆ బిడ్డను చూచి స్వామి ఏమనలేదు. తన శంఖముతో ఆ పసివాని చెక్కిలిని తాకెను. వెంటనే వాక్కు ప్రవహించెను.

కథ వినుచున్న మనుమరాలు లేచి కూర్చుండి, పూజాగృహములోని శ్రీనివాసుని పటమున నున్నట్లు ఎడమచేతిని ఎత్తి, లేని శంఖమును పట్టినట్లు వ్రేళ్ళు మడిచి, "ఇట్లేనా తాతయ్యా?" అని తాతగారి చెంపను తాకెను.

తాతగారు కథను అక్కడనే నిలిపిరి. కుడిచేత చక్రము, ఎడమచేత శంఖము. నలువది యేండ్లుగా ఆ మూర్తికి తిరుమణి దిద్దుచున్న చేతులే ఆయనవి. శత్రువును ఖండించు చక్రమును స్వామి దక్షిణహస్తమున ధరించినాడు. బిడ్డకు వాక్కు నిచ్చిన శంఖమును వామహస్తమున ధరించినాడు. ఆ చేతినే కదా తాను కొట్టినది! ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని ఇల్లాలు పిదప చెప్పెను.

తెల్లవాఱి ఆరాధనము ముగిసినది. బిడ్డ కుడిచేయి చాచి తీర్థము పుచ్చుకొనెను. అటుపిమ్మట తాతగారు పలకను ఆమె ఒడిలో పెట్టి, బలపమును తామే ఆమె యెడమ అఱచేతిలో ఉంచి, "వ్రాయుము తల్లీ" అనిరి. బిడ్డ ఆయన ముఖమును ఒకసారి చూచి, వ్రాసెను. అకారము. దాని ప్రక్కన ఆకారము. ఆ యింటిలో నాటినుండి నియమమిదియే: తీర్థప్రసాదములు కుడిచేత, బలపము ఎడమచేత. ఆచారము చెడలేదు, అక్షరము చెడలేదు, బిడ్డయు చెడలేదు.

ఎడమచేతివాటము పుట్టుకతో వచ్చునది. దానిని బలాత్కారముగా మార్చుట వలన బిడ్డకు వ్రాతపై విముఖత పుట్టును. పూజాదులలో, భోజనమున దక్షిణహస్త నియమమును ప్రేమతో నేర్పవచ్చును. వ్రాతకు మాత్రము స్వామి యిచ్చిన చేతిని విడిచిపెట్టవలెను.

దాచరాని ధనము

నాథమునులు ఆళ్వారుల ప్రబంధమును తిరిగి పొందుటకై తిరుక్కురుగూరున మధురకవుల కృతిని 12,000 మార్లు అనుసంధించినట్లు గురుపరంపర చెప్పుచున్నది. రామానుజులు రహస్యార్థమునకై శ్రీరంగమునుండి తిరుక్కోట్టియూరునకు 18 మార్లు నడచిరి. అంతటి మహనీయులే మరల మరల చేసిరి. పసిబిడ్డ పదిమార్లు దిద్దినను రాలేదని విసుగుకొనుట మనకు తగునా?

పదునెనిమిదవమారు అర్థమును పొందిన రామానుజులు దానిని తమలోనే దాచుకొనలేదు. ఆలయగోపురమెక్కి అందఱకును వినిపించిరి. తమకు నరకము వచ్చినను సరియే, ఇందఱు తరించిన చాలుననిరి. ఆ ఆచార్యుని పరంపరలోనివారమని చెప్పుకొను గృహస్థులు తమ బిడ్డకు పలక కొనునపుడు, తమ యింట అంట్లు తోము తల్లి బిడ్డకును ఒక పలక కొనవలెను. సాయంకాలము తమ బిడ్డ ప్రక్కన ఆ బిడ్డను కూర్చుండబెట్టి దిద్దింపవలెను. కుమారునకు చెప్పి కుమార్తెను మఱచుటయు తగదు. పన్నిద్దరాళ్వారులలో ఒకరు గోదాదేవి. ఆమె ముప్పది పాశురముల తిరుప్పావై లేక ధనుర్మాసము గడచునా?

రాగిరేకుల పాఠము

తాళ్ళపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. వారి సంకీర్తనములు గాలిలో కలసిపోకుండ వారి వంశీయులు వానిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపఱచిరి. రెండువేలకు పైబడిన ఆ రేకులు శతాబ్దములపాటు వెలుగు చూడలేదు. ఇరువదవ శతాబ్దమున అవి వెలికివచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు వానిలోని అక్షరములను పోల్చి చదివి, పరిష్కరించిరి. నేడు ఇంటింట వినబడు ఆ కీర్తనలు రాగిలో నిలిచిన అక్షరములవలనను, ఆ అక్షరములను చదువగలిగిన కన్నులవలనను దక్కినవి. రేకులుండియు చదువరులు లేకున్నచో అవి వట్టి రాగియే.

ఈ మాట నేటి తెలుగు గృహములకు మిక్కిలి సన్నిహితమైనది. తెలుగు చక్కగా మాటలాడు బిడ్డలు పెక్కుమంది తెలుగును చదువలేకున్నారు. హైదరాబాదునందేమి, బెంగుళూరునందేమి, అమెరికాయందేమి, అన్నమయ్య కీర్తనను ఇంగ్లీషు లిపిలో వ్రాసికొని పాడు పిల్లలు కనబడుచున్నారు. వారి గొంతులో భక్తియున్నది, అక్షరము లేదు. తెలంగాణ రాష్ట్రమున పాఠశాలలలో తెలుగును తప్పనిసరిగా బోధింపవలెనని 2018లో చట్టము చేసిరి. చట్టము అక్షరమును బడివఱకు తేగలదు. బిడ్డ చేతికి తేవలసినవారు తల్లిదండ్రులే. సెల్‌ఫోనులో అక్షరములను చూపు ఆటలున్నవి. వానిని కొంత వాడుకొనవచ్చును. కాని అద్దముమీద జాఱు వ్రేలికి అక్షరపు ఒడుపు పట్టుబడుటకు ఇసుకయు, పలకయు, ప్రక్కన కూర్చుండు పెద్దలును తోడు కావలెను.

శ్రీవారి యాత్రయు ఇందుకు ఉపకరించును. అలిపిరి మెట్లదారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. అలసిన బిడ్డను ఊరించుటకు తినుబండారములు కొనిపెట్టుట అందఱు చేయునదే. ఈమారు దారిప్రక్కనున్న పలకలమీద గోవింద నామములోని గో ఎక్కడ కనబడునో వెదకుమని చెప్పి చూడవలెను. గకారమునకు ఓత్వమిచ్చినచో గో. గాలిగోపురము చేరులోపల బిడ్డ ఆ యక్షరమును ఎన్నో మార్లు గుర్తించును. కాలు ఒక మెట్టెక్కును, కన్ను ఒక అక్షరమెక్కును. సన్నిధిలో చేయిజోడించునపుడు ఆ బిడ్డ తెచ్చిన కానుక హుండీలోని నాణెము మాత్రమే కాదు.

నేటి సాయంకాలమే దీపము పెట్టిన పిమ్మట గూటిలోని పలకను దింపవలెను. పసుపు తుడిచి, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బిడ్డ ఏ చేయి చాచునో ఆ చేతిలో బలపమునుంచవలెను. తప్పు వచ్చినచో తడిగుడ్డనందింపవలెను. కోపము వచ్చినచో ధ్రువుని చెక్కిలిని తాకిన శంఖమును తలచుకొనవలెను. అకారము మొదలు అన్ని అక్షరములందును నిండియున్న శ్రీనివాసుడు ఆ పలకమీదను ఉన్నాడు. ఆ స్వామి కృపవలన ప్రతి యింటి బిడ్డకును అక్షరము అక్షయమగు గాక!